రెండు పాయింట్ పది మాన్యువల్

ఫర్హానా వచ్చేసరికి డిటెక్టివ్ ఏలియమ్మ తరకన్ కర్రపెండలం చెక్కు తీస్తోంది. కోళిక్కోడ్‌లో ఆమెకు ఆఫీసూ వంటిల్లూ ఒకటే గది. సహాయకురాలు సుమంగల పోస్టాఫీసులో రిటైరయ్యాక, పలకరించే మనిషి ఒకరుంటారని ఇక్కడ చేరింది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ పైకి అనుకోలేదు.

"ఆదివారం మీటింగులో నన్ను తీసేస్తారు చేచీ!" సొంత అక్కకు చెప్పుకున్నట్టు అంది ఫర్హానా.

"ముందు కూర్చో మోళే. కూర్చుని వణుకు," అంది ఏలియమ్మ, కూతుర్ని కసిరినట్టు.

మంచాన పడ్డ రోగులను చూసుకునే చిన్న క్లినిక్కుల కోసం కొందరు కలిసి ఊరికే చేసి, ఊరికే పంచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని కొత్త వెర్షన్లను విడుదల చేసే అధికారం, వాళ్ళ మాటల్లో 'తాళం', మూడేళ్ళుగా ఫర్హానాది. జీతం లేని కొలువు పోతుందని ఇంతగా వణికే మనిషిని సుమంగల ఎక్కడా చూడలేదు.

పది రోజుల కిందట మూడో వెర్షన్ విడుదలైంది. ఆ రోజే పాత 2.10 వెర్షన్ మాన్యువల్ సైటులోంచి మాయమైంది. చెరిపినట్టు నమోదైన పేరు ఫర్హానాదే.

"పాత కంప్యూటర్లున్న నలభై క్లినిక్కులు ఇంకా 2.10 మీదే ఉన్నాయి. కొత్త మాన్యువల్ చూసి చేస్తే మందులు తారుమారవుతాయి."

"కొత్త మిక్సీ పుస్తకం చూసి పాత మిక్సీ తిప్పినట్టు," అంది సుమంగల.

"నకలుంది, నిన్ననే తిరిగి పెట్టేశాం. పోయింది నా పేరే. కనిపెట్టింది మాతో పనిచేసే జెబిన్. నా స్థానం మీద అతనికెప్పట్నుంచో కన్ను."

"నిన్ననా? మరి తొమ్మిది రోజులు ఏ క్లినిక్కూ గోల పెట్టలేదా?" అంది ఏలియమ్మ.

"ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు చేచీ."

ఏలియమ్మ చేతిలో కత్తి ఆగింది. "విడుదల రోజు ఏం జరిగింది?"

"ఎప్పుడూ మా మాస్టారు, శంకుణ్ణి మాష్ ఇంట్లోనే చేస్తాం. ఇదంతా మొదలుపెట్టింది ఆయనే, ఆ మాన్యువల్ రాసిందీ ఆయనే. ఆయన భోజనబల్ల మీద నేను తాళం తిప్పాలి, తిప్పగానే అందరికీ పళంపొరి, అదే అరటిపండు బజ్జీలు, వేయిస్తారు. షుగరు కదా, తను ముట్టుకోరు. నూనె చేతులతో అందరం పెరటి కుళాయి దగ్గర వరుస కట్టాం. ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరికి గుర్తు? నా ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మాన్యువల్ చెరిగింది అప్పుడే."

ఆదివారం అందరూ మాష్ ఇంట్లో చేరారు. సుమంగల అలవాటుగా గదంతా కలయజూసింది. కిటికీ పక్కన ఫోను, దాని ముందుకు లాగిన పడక్కుర్చీ, చేతికందేలా మంచినీళ్ళ చెంబు, పేర్లు రాసుకున్న నోటుబుక్కు. ఎవరో రైలు ప్రయాణానికి సర్దుకున్నట్టుంది.

"మేడమ్, ఇది గిన్నెలు పోయిన కేసు కాదు," అన్నాడు జెబిన్.

"తెలుసు నాయనా. నువ్వే చేసుంటే తొమ్మిది రోజులు ఆగేవాడివా? మర్నాడే దండోరా వేసేవాడివి."

ఎవరో నవ్వబోయి ఆగారు. ఏలియమ్మ గొంతు తగ్గించింది.

"పుస్తకం లేకపోయినా నలభై క్లినిక్కుల్లో పని ఆగలేదు. అంటే పుస్తకానికి బదులు ఒక మనిషి పలికాడు. అదంతా కంఠతా వచ్చిన మనిషి. అందరూ కుళాయి దగ్గరున్నప్పుడు చేతులు కడుక్కునే పని లేని మనిషి." ఆమె ఫోను వైపు చూసింది. "తిరిగి పెట్టినప్పట్నుంచీ మోగడం లేదు కదూ, మాష్?"

మాష్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పుస్తకం మరీ బాగా రాశాను," అన్నారు. "నా ఫోన్ నంబరు ప్రతి క్లినిక్కు గోడ మీదా నేనే అంటించాను. ఆరేళ్ళలో ఒక్కరికీ సందేహం రాలేదు. ఈ తొమ్మిది రోజులూ మంజేరి క్లినిక్కు నర్సు రోజూ ఫోన్ చేసేది. పనయ్యాక, 'అన్నం తిన్నారా మాష్?' అని అడిగేది."

"నా పేరు పడుతుందని తెలియదా మాష్?" అడిగింది ఫర్హానా.

"తెలుసమ్మా. ఎందుకు చెరిపారని అడగడానికైనా నువ్వొస్తావనుకున్నాను."

"నాకే ఫోన్ చెయ్యొచ్చుగా!"

"ఏమని?"

చివరికి అందరూ తాళం ఫర్హానా దగ్గరే ఉండాలని చేతులెత్తారు. ముందు లేచిన చెయ్యి జెబిన్‌ది. టీ తాగి, చెప్పులు వేసుకుని, ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయారు. కేసు అంత చక్కగా ముగిసింది.

మర్నాడు సాయంత్రం సుమంగల ఒక నంబరు తిప్పింది. మొదటి మోతకే అవతల ఎత్తారు.

"మాష్, 2.10లో మాత్రల నిల్వ ఎలా చూడాలి?"

"ఏ క్లినిక్కమ్మా? సరే, ముందు కంప్యూటర్ పెట్టావా?"

సుమంగల ఇంట్లో కంప్యూటర్ లేదు. కుర్చీ ఫోను దగ్గరికి లాక్కుంది.

"పెడుతున్నాను మాష్. నిదానంగా చెప్పండి, నాకేం తొందర లేదు. అన్నట్టు, అన్నం తిన్నారా?"