నోరూరిన వేళ

"నా పన్ను రాలగొట్టావే! ముద్దలో రాయి పెట్టి చంపుదామనుకున్నావా!"

అత్తగారు అఫీవా అరుపుకి కేటా ఊళ్ళో ఆ వీధంతా తొంగిచూసింది. మొక్కజొన్న పిండితో వండిన అక్ప్లే ముద్దలో నెత్తురంటిన పన్ను...! కోడలు సెఫాకోర్ గబగబా నీళ్ళందించింది. ఏడాదిగా ఇదే వరస! వంట ఇసుకలా ఉందని, గొంతు దిగడం లేదని, కోడలు కావాలనే చేస్తోందని... ఆ తిట్లన్నీ దిగమింగింది.

"సర్దుకో. పుట్టింటికెళ్ళు," అన్నాడు భర్త సెలోర్మ్.

"వెళ్తాను. ముందు ఆవిడ నెత్తురు ఆగనివ్వండి!" అని అత్తగారి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది సెఫాకోర్.

పళ్ళ డాక్టరమ్మ వాచిన చిగుళ్ళు చూసింది. పొడిబారిన నాలుకను తాకింది.

"పెద్దమ్మా, నోరు ఎన్నాళ్ళనుంచి ఎండుతోంది?"

"ఏడాది పైనే. ఎన్ని నీళ్ళు తాగినా అంతే!"

వేలికి సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర మితిమీరి ఉంది!

"రాయీ లేదు, రప్పా లేదు. మధుమేహం లాలాజలాన్ని తగ్గించేసింది. పళ్ళకు కాపలా ఆ లాలాజలమే! ముద్దను మెత్తబరిచేదీ, రుచిని నాలుకకు అందించేదీ అదే. పైగా ఈ చక్కెరకే చిగుళ్ళూ పాడయ్యాయి."

సెఫాకోర్ అత్తగారి ఎండిన పెదాలకేసి చూసింది. ఉమ్మి పారేసే ఆ నీటి చుక్కలోనా ఇంత మహిమ! అది ఎండిపోతే ఒక కాపురమే కూలబోయిందా...!

మాత్రలు, చిగుళ్ళ శుద్ధి, పూటపూటా పళ్ళు తోమించడం... నాలుగు నెలలు అన్నీ సెఫాకోరే చూసుకుంది. సెలోర్మ్ తలవంచుకుని క్షమాపణ అడిగాడు. అత్తగారు మాత్రం అడగలేదు.

ఆ రోజు పరీక్షలో చక్కెర తగ్గింది. ఆసుపత్రి బయట ఒకామె అరటికాయలు కాలుస్తోంది. ఆ వాసనకి అఫీవా ఉన్నచోటే ఆగిపోయింది.

"సెఫా... ఆగవే! నోరు... నోరూరుతోందే!"

నడివీధిలో చిన్నపిల్లలా ఏడ్చేసింది! సెఫాకోర్ ఒక కాయ కొని రెండుగా విరిచింది. "సగమే, అత్తయ్యా! చక్కెర మళ్ళీ పెరుగుతుంది."

"మీ అమ్మాయా?" అడిగింది అమ్మే ఆవిడ.

"కాదమ్మా. నేను ఏడాదంతా తిట్టిపోసిన నా కోడలు," అంది అఫీవా, చెమర్చిన కోడలి కళ్ళు తన చెంగుతో తుడుస్తూ.