మొహాల్లేని రేవు

నరసరావుపేటలో బెంజిమిన్ కొత్తగా కెఫే పెడుతున్నాడు. దాని గోడ మీద బొమ్మ వేయడానికి డ్రాయింగ్ టీచర్ నిరోష ఒప్పుకుంది. స్కూలు చార్టులు కాకుండా కింద తన పేరు రాసుకోగలిగే బొమ్మ ఆమెకిదే మొదటిది. ఫ్రాన్సులో ఎప్పుడో వేసిన ఒక చిత్రాన్ని ఎంచుకుంది. రేవు పట్నంలో తెల్లవారుతోంది. మంచు, పడవలు, చేపలు బేరమాడే ఆడవాళ్లు.

బొమ్మ సగానికొచ్చాక బెంజిమిన్ చూశాడు.

"ఏందండీ ఇది? మనుషులకి మొహాలేయి?"

"ఇది ఇంప్రెషనిజం. కంటికి ఒక్క క్షణం ఎట్టా కనపడితే అట్టా వేస్తారు."

"నాకైతే ఇంప్రెషనేం పళ్ళేదు. రంగు ఒలికినట్టుంది."

"మీ మీద నాకూ పళ్ళేదులెండి," అంటూ ఆమె కుంచె ముంచింది.

రోజూ ఇదే గొడవ. అయినా స్కూలు వదలగానే ఆమె నడక వేగమయ్యేది. అతను టీ తెచ్చి నిచ్చెన పక్కన పెట్టేవాడు. ఆమె థాంక్స్ చెప్పేది కాదు, తాగేది మాత్రం.

ఒక సాయంత్రం వచ్చేసరికి, చేపలమ్మే ఫ్రెంచి ఆవిడకు నల్లటి కళ్లు, ఎర్రటి పెదాలు, ముక్కుపుడక.

"ఎవరు చేశారిది?"

"నేనే. కస్టమర్లు అడుగుతారేమోనని..."

నిరోష అరవలేదు. కుంచెలు కడిగి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అతను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. సాయంత్రమయ్యేసరికి కాళ్లు అటే లాగుతుంటే తన మీద తనకే చిరాకేసింది.

ఆదివారం చర్చికి తయారవుతుంటే వీడియో కాల్ వచ్చింది. ఈసారి ఎత్తింది.

"మేడం, నిజాంపట్నం హార్బర్‌లో ఉన్నా. ఇది చూడండి." ఫోన్ తిప్పాడు. మంచులో పడవలు, గంపలు, కేకలు. "ఎవరికీ మొహాల్లేవు. చీరలూ లుంగీలూ కదుల్తన్నాయి, అంతే. మీరే రైటు. తప్పయిపోయింది."

ఆమె ఫోన్ను కళ్లకు దగ్గరగా జరుపుకుంది.

"నేనెప్పుడూ చూళ్ళేదు," అంది మెల్లగా.

"ఏంది?"

"సముద్రం. ఫోన్లో చూసే వేశాను."

నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు.

"రండి, చూపిస్తా."

"మా నాన్న చంపేస్తాడు."

"ఆయన్నీ తీసుకొద్దాం."

నిరోష బొమ్మను సరిచేసి పూర్తి చేసింది. రెండో శనివారం పొద్దున్నే బెంజిమిన్ కారు మాట్లాడుకుని వాళ్లింటి ముందు దిగాడు. నిరోష తండ్రి అంతోని లారీ డ్రైవరు. బనీనుతోనే గుమ్మంలోకొచ్చాడు.

"మా పిల్లని హార్బర్‌కి తీసుకెళ్తానన్నావంట. దేనికబ్బాయ్?"

"మీరూ రండి మావయ్యా," అనేసి బెంజిమిన్ నాలిక కరుచుకున్నాడు.

"మావయ్యనా? ఆ మాటకి అర్థం తెలిసే అంటన్నావా?"

బెంజిమిన్ ఒక్కసారి నిరోష వైపు చూశాడు. "తెలిసే అన్నానండీ. ఆమెకిష్టమైతేనే."

"ఏమే, నువ్వేమంటావు?"

నిరోష చెప్పులేసుకుంటూ తలెత్తలేదు. "నువ్వు చొక్కా వేసుకో నాన్నా. ఎండెక్కకముందే చేరాలి."

అంతోని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత లోపలికి తిరిగి భార్యను కేకేశాడు.

"సుందరీ, లేవ్వే! అల్లుడొచ్చాడు."