పచ్చ లైటు, పావుగంట

పచ్చ లైటు వెలిగింది. వీధి వీధంతా నోరెళ్ళబెట్టింది.

పోలినాయుడు మాత్రం తిట్టడం ఆపలేదు. డ్రోను రెక్క విరగ్గొట్టుకుని రిపేరుకి తెచ్చిన అప్పలకొండని, వాడికి ఆ డ్రోను అమ్మినవాణ్ణి, దాంతో మందు కొట్టించుకునే మినపచేనుని కూడా వదలకుండా వరసపెట్టి అందుకుంటున్నాడు. అతని ఎడమ జబ్బకి అగ్గిపెట్టెలో సగమంత ఉన్న పట్టీ ఒకటి అంటించి, పక్కనే నిలబడింది ఆరిఫా మేడమ్. ఆవిడ విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పట్టీ మీది లైటు, తిట్లతో తనకేమీ సంబంధం లేనట్టు, నిమ్మళంగా పచ్చగా వెలుగుతోంది.

"రక్తంలో చక్కెర నూట అరవై ఉంది," ఆరిఫా మేడమ్ ఫోను చూసి చెప్పింది. "తగ్గలేదు. తగ్గే సూచన కూడా లేదు."

"మరి ఈ తిట్లో?" అంది ఇడ్లీల పైడమ్మ. ఆమె చేతిలో పంచదార నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆరిఫా మేడమ్ గ్లాసు వంక చూసింది, నాయుడి వంక చూసింది. "అవి ఆయన సొంతమండీ," అంది మర్యాదగా.

ఆ మాటతో జొన్నాడపేటలో ఆరేళ్ళుగా సాగుతున్న ఒక ఆచారం కూలిపోయింది.

పోలినాయుడు ఒంటరివాడు. సంబంధాలు చూసే వయసులో అతనికి షుగరు జబ్బు లేదు కాబట్టి, ఆ నోటికి చెప్పుకోవడానికి సాకు కూడా లేకపోయింది. పిల్లనిచ్చేవాళ్ళు కాఫీ తాగేసి వెళ్ళిపోయేవారు. తర్వాత షుగరొచ్చింది, ఇన్సులిన్ మొదలైంది. ఒకరోజు ఇన్సులిన్ పొడుచుకుని, భోజనం ఆలస్యం చేసి, అప్పలకొండని తిడుతూ తిడుతూ తన రిపేరు కొట్టు ముందే పడిపోయాడు.

అప్పుడు ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ వచ్చి వీధివాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఒక్కోసారి చక్కెర మరీ పడిపోతుంది. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మనిషి తన తీరులో ఉండడు. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి పట్టండి. పావుగంట పక్కనే కూర్చోండి, వదిలి వెళ్ళకండి. అప్పటికీ తేరుకోకపోతే మళ్ళీ పట్టండి. తేరుకున్నాక కాస్త అన్నం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. కొట్టు గూట్లో ఎర్ర డబ్బా పెడుతున్నాను, అందులోని గ్లూకగాన్ మందు ముక్కులోకి కొట్టి, అంబులెన్సుకి ఫోను చెయ్యండి.

ఊరివాళ్ళు శ్రద్ధగానే విన్నారు. కానీ 'తన తీరులో ఉండడు' అన్నమాటకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. పడిపోయినప్పుడు తిడుతున్నాడు కదా, కాబట్టి తిట్లే గుర్తు అని తేల్చేశారు. మనిషి తీరే తిట్లన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆనాటి నుంచి నాయుడు నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు గ్లాసుతో పరిగెత్తుకొచ్చేవారు. పట్టించి, పావుగంట కూర్చునేవారు. ఊరికే కూర్చోలేరు కదా, కబుర్లు చెప్పేవారు. ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలు అలిగింది, ఎవరి అరుగు మీద పేకాట నడుస్తోంది. నాయుడు మొహం ముడుచుకుని అన్నీ వినేవాడు. రోజుకి రెండు మూడు పావుగంటలు దొరికేవి. పొద్దంతా స్క్రూడ్రైవరుతో తప్ప ఇంకెవరితోనూ మాటల్లేని మనిషికి అది చిన్న ఆస్తి కాదు. తిడితే మనుషులొస్తారని అతనికి మొదటి నెలలోనే తెలిసిపోయింది. తెలిసినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఇలా అక్కర్లేని పంచదార తాగీ తాగీ, రక్తపరీక్ష చేసినప్పుడల్లా చక్కెర కొండెక్కి కూర్చునేది. డాక్టరమ్మకి అంతుపట్టక విశాఖపట్నానికి కబురు పెట్టింది. ఆరిఫా మేడమ్ పట్టీతో దిగింది.

పట్టీ గొప్పదే, కాదనడానికి లేదు. దాని అడుగున వెంట్రుకంత సూది చర్మం కింద ఉండి చక్కెరని ఎప్పటికప్పుడు చూస్తుంటుంది. తగ్గబోతుంటే లైటు పసుపుపచ్చగా మారి కూత పెడుతుంది. ప్రమాదం దాకా వస్తే ఎర్రబడి, తనలో దాచుకున్న గ్లూకగాన్ని తనే ఒంట్లోకి పంపుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరని బయటికి తెమ్మని చెప్పే మందది. పక్కన ఎవరూ లేకపోయినా మనిషి బతుకుతాడు.

"ఎవరూ లేకపోయినా," అని ఆరిఫా మేడమ్ రెండుసార్లు గర్వంగా చెప్పింది. నాయుడు రెండుసార్లూ విన్నాడు.

పంచదార నీళ్ళు ఆగిపోయాయి. నాయుడు తిట్టడం మొదలెడితే జనం ముందు జబ్బ చూసేవారు. "పచ్చే," అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. ఆరేళ్ళ తిట్లన్నీ ఒకసారి నెమరువేసుకుని, అవి చక్కెర తిట్లు కావని లెక్కతేల్చుకున్న అప్పలకొండ అయితే కొట్టు వైపు నడవడమే మానేసి, వీధి అవతలి అంచునుంచి సైకిలు తొక్కేవాడు. నాయుడు కొన్నాళ్ళు గొంతు పెంచి చూశాడు. తర్వాత తిట్టడానికి మనిషే దొరక్క ఊరుకున్నాడు. కొట్లో డ్రోన్లు, ఫ్యాను చప్పుడు, పచ్చ లైటు మిగిలాయి.

నెల తిరిగాక ఆరిఫా మేడమ్ చూడ్డానికి వచ్చింది.

"రక్తపరీక్ష ఎంత బాగుందో నాయుడుగారూ! ఇంత బాగా పనిచేస్తుందని మేమే అనుకోలేదు."

"బానే ఉంది," అన్నాడు నాయుడు. చేతిలోని స్క్రూని అటూ ఇటూ తిప్పాడు. "మేడమ్, దీనికి ఒక స్విచ్చి పెట్టగలరా?"

"ఏం స్విచ్చి?"

"నొక్కితే కాసేపు ఎర్రగా వెలిగేలాగ. మందు పంపక్కర్లేదు. లైటు చాలు. రోజుకి ఒక్క పావుగంట."

ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది. "అబద్ధం చెప్పే లైటు పెడితే, నిజంగా పడిపోయిన రోజున ఎవరు నమ్ముతారండీ? అసలు ఎందుకది?"

ఎందుకో చెప్పాలంటే ఆరేళ్ళ గుట్టు విప్పాలి. "ఊరికే, మెషిను చూస్తే అడగాలనిపించింది," అనేసి నాయుడు డ్రోను లోపలికి తల దూర్చాడు.

ఆవిడ కారు మలుపు తిరగ్గానే పట్టీ పీకి, మేకుల డబ్బాలో పడేశాడు. ఇన్సులిన్ మాత్రం మానలేదు. మొండితనానికీ ఒక పద్ధతుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇన్సులిన్ పొడుచుకుని, కంచం పెట్టుకోబోతుండగా ఎవరో మోటారు తెచ్చి పడేసి పోయారు. దీని సంగతి చూసి తిందామని కూర్చున్నాడు. చూస్తుండగా ఒక స్క్రూ రెండుగా కనబడింది. మెడ వెనక చెమట కారింది. వేళ్ళు వణికాయి. విచిత్రంగా, అతనికి లోకమంతా మహా ముద్దొచ్చింది. మోటారు తెచ్చినవాడు మంచివాడు. ఎండ మంచిది. అదిగో, అవతలి అంచున సైకిలు మీద పోతున్న ఆ మనిషి ఎంత మంచివాడు!

"తమ్ముడూ, అప్పలకొండా," అని పిలిచాడు. "ఎండలో పోతున్నావేటి నాయనా. నీడకి రా. నీ డ్రోను రెక్క బాగుచేస్తాను. నువ్వు శానా మంచోడివిరా."

అప్పలకొండ సైకిలు అక్కడే వదిలేశాడు. అది కాలవలో పడింది.

"ఓలమ్మో! పైడమ్మప్పా! నాయుడు బావ నన్ను మంచోడన్నాడు! పంచదార తే, పంచదార!"

పైడమ్మ ఒక చేత్తో ఇడ్లీ రేకు, ఒక చేత్తో పంచదార నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. నాయుడి జబ్బ చూస్తే లైటూ లేదు, పట్టీ లేదు. మొహం చూస్తే తడిసిన గోడలా ఉంది. "నాయుడా, మింగగలవా? నా మాట ఇనబడతందా?" అంది. అతను ప్రేమగా తలూపాడు. గ్లాసు చేత్తో పట్టుకుని గుక్క గుక్కగా పట్టింది. అప్పలకొండ గూట్లోంచి ఎర్ర డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, దేవుడి గదిలో కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాడు.

పావుగంట గడిచింది. డబ్బా తెరిచే పని పడలేదు. నాయుడి చూపు మెల్లగా కుదురుకుంది. అప్పలకొండ వంక చూశాడు.

"నా స్టూలు మీద కాళ్ళెట్టకు, దరిద్రుడా."

"వచ్చేసింది!" అప్పలకొండ పొంగిపోయాడు. "బావకి చక్కెర వచ్చేసింది!"

సంగతి విని ఆరిఫా మేడమ్ పైడమ్మకి ఫోను చేసింది. "డాక్టరమ్మ చెప్పింది కోపం గురించి కాదండీ, మార్పు గురించి. ఈయన విషయంలో మంచిమాటే ప్రమాదానికి గుర్తు."

పైడమ్మ దగ్గరుండి కొత్త పట్టీ అంటింపజేసింది. దాన్ని పీకితే ఇడ్లీ పెట్టనంది. ఊళ్ళో కొత్త నియమం స్థిరపడింది. తిడుతుంటే క్షేమం. పొగిడితే జబ్బ చూడండి.

మూడోనాటి సాయంత్రం పైడమ్మ బండి కడుక్కుంటోంది. వీధిలో ఇంకెవరూ లేరు. నాయుడు కొట్టు గుమ్మంలో నిలబడి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. తుప్పు పట్టిన బోల్టు తిప్పుతున్నట్టు ఒక్కో మాటా బయటికొచ్చింది.

"పైడమ్మా. నీ ఇడ్లీలు... మెత్తగుంటాయి."

పైడమ్మ చటుక్కున తలెత్తింది. అతని జబ్బ చూసింది. లైటు పచ్చగా ఉంది. అది పచ్చగానే ఉందని అతనికీ తెలుసు. ఆమె చూసిందనీ తెలుసు. కింద పడ్డ స్క్రూ ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

ఆమె బండి అలాగే వదిలేసి ఇంట్లోకి వెళ్ళింది. తలుపు చప్పుడైంది. అంతేలే అనుకున్నాడు నాయుడు. షట్టరు సగానికి దించాడు.

"ఇదిగో," అంది పైడమ్మ షట్టరు కిందనుంచి. గ్లాసు చేతికిచ్చి, డ్రోను పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చుంది.

నాయుడు ఒక గుక్క తాగాడు. పంచదార లేదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ.

ఆమె వంక చూశాడు. ఆమె వీధి వంక చూస్తోంది.

"పావుగంట వదిలి ఎల్లకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా," అంది.

గేదెల కబురు చెప్పింది. అప్పలకొండ సైకిలు చక్రం వంకరపోయిన కబురు చెప్పింది. నాయుడు మొహం ముడుచుకుని విన్నాడు, గ్లాసు ఎంత నిదానంగా తాగొచ్చో అంత నిదానంగా తాగాడు. వేళయ్యాక ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

జబ్బ మీది పట్టీ మాత్రం తన పని తను చేసింది. ఎప్పటిలాగే ఆ పూట సంగతులన్నీ పోగుచేసి విశాఖపట్నంలోని ప్రయోగశాలకి పంపింది. అక్కడ ఆరిఫా మేడమ్ తెర మీద, పోలినాయుడి పేరు ఎదురుగా, ఒకే వాక్యం పచ్చగా కనబడింది.

ఈ రోజు విశేషమేమీ జరగలేదు.