చివరి ముక్క మీద రెయిజ్

యుగంధర్‌కి పేకాట బాగా వచ్చు. భయపడటం అంతకన్నా బాగా వచ్చు. ఆ రెండో విద్య పుణ్యమా అనే ఇన్నాళ్లూ బతికున్నాడు. భయం తెలియని ఏజెంట్లందరూ ఆఫీసు గోడ మీద ఫోటోలయ్యారు.

"కారు తాళంలా ఉంటుంది. దాని మీద ఒక బటన్," అన్నాడు చీఫ్ జగన్నాధం. విజయనగరంలో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద బ్రీఫింగ్ జరుగుతోంది. "అది పేకాటలో నీ ఎదురుగా కూర్చునే దేవేంద్ర చేతిలో ఉంటుంది. ఇవాళ సాయంత్రం చేపల వేటకెళ్లిన ఒక పడవ కళింగపట్నం తిరిగొస్తుంది. మన గస్తీ బోటు దాని పక్కకి రాగానే తీరంలో ఉన్న అతని కాపలావాడు ఫోన్ చేస్తాడు. దేవేంద్ర నొక్కుతాడు. పడవా, బోటూ రెండూ ఉండవు."

"పడవ ఎవరిది?"

"అసిరయ్యది. వలల కింద బాంబు పెట్టారని అతనికి తెలీదు."

పేకాట పిచ్చి ఉన్న జీడిపిక్కల వ్యాపారి వేషంలో ఆ తీరమంతా తిరుగుతూ యుగంధర్ అసిరయ్య ఇంట్లో ఎన్నిసార్లు చేపల పులుసు తిన్నాడో లెక్కలేదు.

"బోటుని వెనక్కి పిలవండి, సార్."

"బోటు దారి మారినా, మనవాళ్లు తోటలో అడుగుపెట్టినా వెంటనే నొక్కేస్తాడు. ముందు ఆ బటన్ అతని చెయ్యి వదలాలి. అప్పుడు నువ్వు 'సోడా' అను. నీ చొక్కా గుండీలో మైకు, చెవిలో కనపడని రిసీవర్ ఉంటాయి. కమాండోలు వస్తారు."

"దేవేంద్ర దగ్గరున్న రేఖ మన మనిషేనా?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా." చీఫ్ ఫ్యాను వైపు చూశాడు. "ముక్కలు పంచేది ఆవిడే. చివరి ముక్క ఎడం చేత్తో వేస్తే అంతా సవ్యం. కుడిచేత్తో వేస్తే నీ గుట్టు రట్టయినట్టే. పారిపో."

దేవేంద్ర గెస్ట్‌హౌస్ జీడితోట మధ్యలో ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. దేవేంద్ర పుట్టింది ఎచ్చెర్ల పక్కనే అయినా, ఇప్పుడు ఏ దేశం వాడన్నది ఆ పూట జేబులో ఉన్న పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. సముద్రం అవతలి ముఠాకి ఈ తీరంలో పెద్ద అతనే.

ఆట లిమిట్ పోకర్. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బల్ల మీద అయిదు; వాటిని కలుపుకుని ఎవరిది పెద్దదైతే వాళ్లదే గెలుపు. ఇందులో పందెం ఎంతో ముందే ఖాయం. పెంచినా అంతే పెంచాలి. చిప్స్ కుప్పగా తోసి ఎదుటివాణ్ణి హడలగొట్టే వీల్లేదు. అందుకే చివరి ముక్క పడ్డాక రెయిజ్ చేసినవాడు, అంటే పందెం పెంచినవాడు, మామూలుగా అబద్ధం ఆడడు.

పేకాటరాయుళ్లు తమ ముక్కలు కలిసిపోకుండా వాటి మీద ఏదో ఒక బరువు పెట్టుకుంటారు. దేవేంద్ర పెట్టుకున్న బరువు ఆ కారు తాళం. మధ్యాహ్నం నుంచీ అతని బొటనవేలు దాన్ని వదల్లేదు. యుగంధర్ చూపు ఎటు తిప్పినా మళ్లీ ఆ వేలి దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. షో పడితే, అంటే చివర్లో ముక్కలు తిప్పాల్సి వస్తే, రెయిజ్ చేసినవాడే ముందు చూపించాలి. అదీ రెండు చేతులతో, చొక్కా చేతులు పైకి మడిచి, తలో చేత్తో ఒక ముక్క తిప్పాలి. ఎప్పుడో ఎవడో చేతిలో ముక్క దాచి దొరికిపోతే దేవేంద్రే పెట్టిన రూలు. ఇందాక బొబ్బిలి వ్యాపారి ఒకాయన ఒంటి చేత్తో తిప్పితే, గెలిచిన పాట్‌లోని పందెం సొమ్ము కూడా ఇవ్వకుండా బయటికి పంపేశాడు.

ఇప్పుడు బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. యుగంధర్ చేతిలో రాణుల జత. పాట్ బాగా పెరిగింది. రేఖ పట్టుచీర కొంగు సవరించుకుని, చల్లగా నవ్వుతూ, చివరి ముక్క వేసింది. కింద మూడో ఆటీను పడింది.

కుడిచేత్తో వేసింది.

యుగంధర్ నుదుటి మీంచి చెమట జారింది. పందెం కాశాడు. దేవేంద్ర వెంటనే ఎడం చేత్తో చిప్స్ తోశాడు.

"రెయిజ్. ఏటి బావా, ఉంటావా, పడేత్తావా?"

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు సన్నగా పలికింది. "బోటు పడవ దగ్గరికి వచ్చేస్తోంది."

ముక్కలు పడేసి, అంటే ఫోల్డ్ చేసి, ఒక దండం పెట్టి లేచి వెళ్లిపోవచ్చు. తలుపు తీసే ఉంది. కాళ్లు అప్పుడే అటు తిరిగాయి. రాణుల జత దాదాపు ఓడిపోయినట్టేనని అతనికి తెలుసు. కానీ పాట్ అంత పెద్దదయ్యాక ఇంకొక్క పందెం కట్టడానికి పదిసార్లలో ఒక్కసారి గెలుస్తామన్న ఆశ చాలు. ఆట తెలిసినవాడెవడూ ఇక్కడ ముక్కలు పడేయడు. పడేసేవాడు ప్రాణం చూసుకునేవాడే. దేవేంద్ర కళ్లార్పకుండా చూస్తున్నది అందుకేనని యుగంధర్‌కి అర్థమైంది. ఈ రెయిజ్ తన ముక్కల మీద కాదు, తన మీద.

పైగా, ఫోల్డ్ చేస్తే షో ఉండదు. షో లేకపోతే ఆ వేలు లేవదు.

"ఏటి అంత సెమట?" అన్నాడు దేవేంద్ర. "పందెం సూసా, నన్ను సూసా?"

"పాట్ చూసి," అన్నాడు యుగంధర్. అతను పెంచినంతా కడుతూ చిప్స్ ముందుకు జరిపాడు. "కాల్."

దేవేంద్ర మొహం విప్పారింది. అనుమానం వదిలింది, గెలిచానన్న గర్వం పట్టుకుంది. రూలు పెట్టినవాడు రూలు తప్పితే ఏం మర్యాద? తాళాన్ని పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, రెండు చేతులతో రెండు ముక్కలు పట్టుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

ఇద్దరి చేతులూ ఒకేసారి తాళం వైపు లేచాయి. దేవేంద్ర గోళ్లు యుగంధర్ మణికట్టుని చీరేశాయి కానీ తాళం మాత్రం యుగంధర్ పిడికిట్లో పడింది. వెనక మూత ఊడబీకి బ్యాటరీ లాగేశాడు. "సోడా" అనబోతే నోట మాట రాలేదు. రేఖ పిస్తోలు తీసి దేవేంద్ర మెడకి ఆనించి, యుగంధర్ గుండీ వైపు వంగి, తాపీగా "సోడా" అంది.

కమాండోలు దేవేంద్రని పట్టుకెళ్లాక యుగంధర్ అడిగాడు. "కుడిచేత్తో ఎందుకు వేశావు?"

"నిన్ను అనుమానిస్తున్నాడని నాకు తెలుసు. పైగా అతని చేతిలో రెండు ఆటీన్లున్నాయి, కింద మూడోది పడగానే అయిదూ పూర్తయ్యాయి. ఎలాగూ ఓడిపోతావు, ప్రాణమైనా దక్కించుకుంటావనుకున్నాను."

ఎవరి మనిషివని అడగాలనిపించింది. జవాబు వినే ధైర్యం ఆ పూటకి మిగల్లేదు.

తీరానికి వెళ్లేసరికి అసిరయ్య ఇసకలో కూర్చుని మండిపడుతున్నాడు. గస్తీవాళ్లు వచ్చి, చెప్పాపెట్టకుండా అతన్ని బోటులోకి లాగేసి, పడవని దూరంగా లాక్కుపోయారట. ప్రాణాలతో ఎదురుగా కూర్చున్న ఆ మనిషిని చూసి యుగంధర్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. పక్కనే కూలబడ్డాడు.

"నా సేపలన్నీ పాడైపోతాయి బాబూ, ఎవులిత్తారు?" అన్నాడు అసిరయ్య. యుగంధర్‌ని ఎగాదిగా చూశాడు. "నువ్వేటి, పొద్దంతా పేకాటేనా? నీకేటి, సల్లగా నీడలో కూకుంటావు. ఓపాలి నాతోటి సముద్రంలోకి రా. బయమంటే ఏటో తెలుస్తాది."