మహాయాజకుడి గొంతు

చెన్నై వ్యాసర్పాడిలో ఏకాంబరం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. గొంతు కోసం రోజూ తాగే దగ్గుమందులో ఎవరో విషం కలిపారు. ముందురోజే అతను పోలీసులకు ఫోన్ చేసి, తను తెలుగులో డబ్బింగ్ చెబుతున్న జపాన్ యానిమే సీరీస్ గురించి మాట్లాడాలన్నాడు. రేపు వస్తానన్నాడు.

నాలుగు రోజుల తర్వాత అతని స్థానంలో డబ్బింగ్ చెప్పే పని, గొంతులు అనుకరించగల ఏజెంట్ కేదార్‌కు వచ్చింది.

పురసవాక్కంలో ఒక చీరల కొట్టు మేడమీద బ్రీఫింగ్. కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ చూడామణి చూడ్డానికి రిటైరైన లెక్కల టీచర్‌లా ఉంటుంది. ఆమె క్లుప్తంగా చెప్పింది. సీరీస్ పేరు 'శూన్యపీఠం'. భూమి నాశనమయ్యాక అంతరిక్ష నగరంలో బతికే జనం కథ. అందులో విలన్ మహాయాజకుడు ఓర్డాన్. జనం చేసిన తప్పులను చెవిలో చెప్పించుకుంటాడు, వాటిని పాలకులకు చేరవేస్తాడు. ఆ పాత్ర పేరుతో ఒక విదేశీ ముఠా ఫోన్ యాప్ పెట్టింది. ఆ పాత్రకు డబ్బింగ్ చెప్పే ఏకాంబరం గొంతునే యంత్రంతో కాపీ కొట్టి, అభిమానుల రహస్యాలు వింటోంది.

"ఇది విను," అంటూ చూడామణి ఒక రికార్డింగ్ పెట్టింది.

ఆరతి అనే కాలేజీ అమ్మాయి ఏడుస్తోంది. తన స్కూటర్ ఒక ముసలాయనకు తగిలిందట. భయపడి ఆగకుండా వచ్చేసిందట. ఆయన మర్నాడు ఆస్పత్రిలో పోయాడట. మధ్యమధ్య ఓర్డాన్ గొంతు తేనె పూసినట్టు, "ఇంకా చెప్పు తల్లీ, అంతా చెప్పు," అంటోంది.

కేదార్ హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు.

ఆ అమ్మాయి తండ్రి ఆదిమూలం కోస్తా రాడార్ కేంద్రంలో ఇంజినీరు. రాడార్ కోడ్లున్న డ్రైవ్ ఇవ్వకపోతే కూతురి మాటలు ఊరంతా వినిపిస్తామని ముఠా బెదిరించింది. ఈ సమాచారం తెచ్చింది డబ్బింగ్ డైరెక్టర్ శ్రీప్రియ. రెండు నెలలుగా డిపార్ట్‌మెంట్‌కు ఇన్ఫార్మర్. డ్రైవ్ చేతులు మారేది శుక్రవారం సాయంత్రం ఐదింటికి, ఇదే పురసవాక్కంలో, ఒక నగల దుకాణం ముందు.

"టీమంతా ఈడనే ఉంటాది. నువ్వు ఆడ మైకు వదలకుండా నిలబడు. స్టూడియోలో ఎవరికీ అనుమానం రాకూడదు, సరియా?" అంది చూడామణి. చేతిలో గొంతు బిళ్ళల డబ్బా పెట్టింది. అడుగు తిప్పితే చెవులు చిల్లులుపడే కీచుమోత వస్తుంది.

శుక్రవారం సాలిగ్రామం స్టూడియోలో అతనికి శ్రీప్రియ ఎదురొచ్చింది. నల్ల సిల్క్ చొక్కా, ఖరీదైన సెంటు, సినిమా తారలా నవ్వు.

"మిరియాల పాలు తాగుతారా?"

"మానేశాను. కషాయం చాలు."

కోడ్ సరిపోయింది. నాలుగూ నలభైకి ఆమె కొత్త సీన్ కాగితాలిచ్చింది. ఓర్డాన్ ఒక పాపిని ఆఖరిసారి లొంగదీసుకునే ఘట్టం. బొమ్మ ఇంకా రాలేదు, ఆడియోకే చెప్పమంది. పాపి వేషం వేసే ఆర్టిస్టు వేరే గదిలో ఉన్నాడని, హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తాడని చెప్పింది.

కేదార్ గొంతు దించాడు. "నీ బిడ్డ పాపం నా గుప్పిట్లో ఉంది. చేతిలోది ఇచ్చెయ్. కడిగేస్తాను."

అవతల మగగొంతు వెక్కింది. ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నాడు కేదార్. తనూ రెచ్చిపోయాడు. అక్షరాలు సాగదీశాడు, దయ చూపించాడు, మధ్యలో చిన్నగా నవ్వాడు కూడా. చాలా రోజులకు ఒక పని బాగా కుదిరిన సంతోషం కలిగింది.

"సామీ, నీలం చొక్కా ఆయన వచ్చేసినాడు. చెయ్యి చాపతా ఉండాడు. ఇచ్చేసేదా?"

ఈ మాట కాగితంలో లేదు. దాని వెనకాల బస్సు హారన్. ఇంకెవరో అరుస్తున్నారు: నెల్లూరు, నెల్లూరు.

అంతరిక్ష నగరంలో నెల్లూరు బస్సు ఉండదు. ఆంధ్రా బస్సులు కదిలేది మాధవరం టెర్మినస్ నుంచి. ఏడుస్తున్నది ఆర్టిస్టు కాదు, ఆదిమూలం అని కేదార్‌కు అర్థమైంది. యంత్రం మాటలకు ఆదిమూలం లొంగి ఉండడు. అందుకే మనిషి గొంతు కావలసివచ్చింది. ఇంతసేపూ ఆ తండ్రి మెడ నొక్కింది తనే. పైగా సంతోషంగా.

టైమ్ నాలుగూ యాభై తొమ్మిది. శ్రీప్రియ మాట నమ్మి పురసవాక్కంలో కాపు కాసిన టీమ్ మాధవరం చేరేసరికి డ్రైవ్ రాష్ట్రం దాటే దారిలో ఉంటుంది. ఆదిమూలం వినేది ఒక్క గొంతునే.

కేదార్ అదే గొంతుతో అన్నాడు. "ఇవ్వకు. వాడు దొంగ. నా మనిషి పోలీసు వేషంలో ఉన్నాడు. టెర్మినస్ ఔట్‌పోస్ట్‌లో కూర్చున్నాడు. నేను పంపానని చెప్పి అతని చేతికే—"

అద్దం అవతల హెడ్‌ఫోన్స్‌తో వింటున్న శ్రీప్రియ లైన్ తెంచేసింది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. కేదార్ తన హెడ్‌ఫోన్స్ లాగేసి, డబ్బా మైకుకు ఆనించి అడుగు తిప్పాడు. ఆమె చెవులు పట్టుకుని కన్సోల్ మీద పడిపోయింది. అతను బూత్ దాటి వచ్చి పిస్టల్ లాక్కుని, ఆమె చేతులు మైకు వైరుతో కట్టి, చూడామణికి ఫోన్ చేసి మాధవరం అన్నాడు.

ఆదిమూలం ఎంతవరకు విన్నాడో తెలియదు. చేయగలిగింది ఏమీ లేదు. కాచుకోవాలి.

శ్రీప్రియ తలెత్తి ప్రశాంతంగా అంది, "అవతల ఏడ్చేది నిజం మనుషులని ఏకాంబరానికి మూడో సీన్‌లోనే అర్థమైపోయింది. వణికిపోయాడు. మీరు అట్లా కాదు, ఎంతో బాగా చెప్పారు. అదే ఓర్డాన్ అంటే."

కేదార్‌కు నోరు ఎవరో తిని వదిలేసిన ఎంగిలి విస్తరిలా అనిపించింది. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. మూడోసారి వాంతి అయింది.

ఐదూ పన్నెండుకు ఫోన్ మోగింది. డ్రైవ్ భద్రం అంది చూడామణి. నీలం చొక్కావాడు నెల్లూరు బస్సు మెట్లమీద ఔట్‌పోస్ట్ పోలీసులకు దొరికాడు. రాత్రికల్లా యాప్ మూతపడుతుంది. ఫోన్ చేస్తే, ఆరతి తనంతట తనే స్టేషన్‌కు వచ్చి ముసలాయన సంగతి చెప్పేస్తానంటోంది, తండ్రి కూడా వద్దనలేదట.

కేదార్ అద్దంలోకి చూడకుండా మొహం తుడుచుకున్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు.

"ఒకటే తలనొప్పి అప్పా," అంది చూడామణి. "ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్ ఐడీ కార్డు తీసి చూపిస్తా ఉండాడు. ఆదిమూలం మాత్రం, వేషం బాగా కుదిరింది సామీ అని దండం పెడతా ఉండాడు."