అమ్మాజీ ట్రిమ్మర్‌కి ఛార్జర్

ఎర్ర లైటు టపటపా కొట్టుకుని మళ్ళీ ఆరిపోయింది.

"ఒప్పుకోవట్లేదండి," అంది అమ్మాజీ, లైటు వైపే చూస్తూ.

"ఒప్పుకుంటుంది. కాస్త మొండి ఘటం, అంతే," అన్నారు డాక్టర్ పరిమళ. రాజమండ్రిలోని ఆమె ల్యాబ్‌లో, బల్ల మీద ఒక కార్డ్‌లెస్ ట్రిమ్మర్ ఉంది. మొక్కల కొమ్మలు కత్తిరించే పనిముట్టు. ఒళ్ళంతా మట్టి.

ఛార్జర్ కోసం ఇంత రాద్ధాంతమా అంటారేమో! వెనకటి రోజుల్లా వైరూ ప్లగ్గూ ఉంటే సరిపోయే కాలం కాదండీ ఇది. ఇప్పుడు ప్రతి బ్యాటరీలోనూ ఒక చిప్ ఉంటుంది. ఛార్జర్ తగిలించగానే "నువ్వెవరు?" అని అడుగుతుంది. సొంత కంపెనీ ఛార్జరయితేనే దానికి జవాబు తెలుస్తుంది. ఇంకోటి పెడితే మూతి ముడుచుకు కూర్చుంటుంది. కరెంటుకి కూడా కులగోత్రాలేమిటండీ, నా ఒళ్ళు మండిపోతుంది! కంపెనీ మూతపడిందంటే ఇక ఆ పనిముట్టు కుప్పలోకే.

ఈ ట్రిమ్మరూ అలా కుప్పలోకి చేరిందే. కడియం నర్సరీల్లో కుప్ప మీద పడేసింది కూలీలదని ఒక వాడుక ఉంది. పగిలిన కుండీ అయినా, చిరిగిన షేడ్‌నెట్ అయినా, ఎవరి చేతికి దొరికితే వాళ్ళది. అమ్మాజీకి ట్రిమ్మర్ దొరికింది. ఆమె పొదల్ని ఏనుగులుగా, నెమళ్ళుగా కత్తిరిస్తుంది. ఏళ్ళ తరబడి పెద్ద కత్తెర ఆడించి కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయింది. కత్తెర పట్టలేని రోజున ఆ పని పోయినట్టే. ఇక ఎండలో కూర్చుని కవర్లలో మట్టి నింపడమే మిగులుతుంది. ట్రిమ్మరయితే ఒక్క వేలితో మీట నొక్కితే చాలు. అందుకే ఛార్జర్ కోసం ఊళ్ళో ఉన్న షాపులన్నీ తిరిగింది. అందరూ తల అడ్డంగా ఊపినవాళ్ళే. చివరికి ఇక్కడికొచ్చింది.

పరిమళ కనిపెట్టిన యంత్రం చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. బ్యాటరీ అడిగే ప్రశ్న వింటుంది. రకరకాల జవాబులు చెప్పి చూస్తుంది. ఏ జవాబుకి బ్యాటరీ కాస్త మెత్తబడిందో కనిపెట్టి, ఆ దారినే పోతుంది. పెళ్ళిచూపుల్లో పెద్దల్ని ఒప్పించే మేనత్తలాంటిదన్నమాట. ఒక్కసారి ఒప్పుకుందంటే చాలు, ఆ తర్వాత బ్యాటరీ ఏ ఛార్జర్ పెట్టినా మారాం చెయ్యదు.

కాసేపటికి పచ్చ లైటు వెలిగింది.

"ఓలమ్మో!" అని అమ్మాజీ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఒక్క విషయం," అన్నారు పరిమళ. "బ్యాటరీలో మొదట కొన్నవాళ్ళ పేరుంది. వాళ్ళకి కబురు పెట్టకుండా ఛార్జ్ చేస్తే ఇప్పటి చట్టం ప్రకారం దొంగతనం. పేరు... వీరభద్రం."

"ఆయ్, మా రైతుగారేనండి. నర్సరీ ఆయనదే. పారేసిందే ఆయన, వద్దనెందుకంటారు? పెట్టండి కబురు."

పరిమళకీ అదే సబబనిపించింది. పైగా యంత్రం పంపే మెసేజ్ ఆమె స్వయంగా, మురిసిపోతూ రాసుకున్నది. 'మీ పరికరం ఇప్పుడు కొత్తదానిలా పనిచేస్తోంది. అభినందనలు!'

చదువుకున్నావిడే, ఏం లాభం? ఆ అభినందనలు లేకపోతే ఎంత బాగుండేదో!

అమ్మాజీ నర్సరీకి చేరేసరికి వీరభద్రం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏవే అమ్మాజీ, నా మిషను బాగుచేయించావంట! మంచి పనే చేశావు. ఇలా తే."

"కుప్పలో దొరికిందండి..."

"చెడిపోయిందని పారేశాను గానీ బాగుంటే ఎందుకు పారేస్తానే? మెసేజ్‌లో నా పరికరం అనే ఉంది కదా, చూడు." చుట్టూ చూసి ఓ కుర్ర కూలీని కేకేశాడు. "ఒరే దుర్గా! ఏనుగులు ఇక నువ్వు చెక్కు. నీ చేతులకయితే ఈ మిషను జోరుగా సాగుద్ది. అమ్మాజీ, నీకెలాగూ చెయ్యి నొప్పి కదా. కవర్లు నింపుకో, పాపం."

పాపం అన్నాడండీ! పైగా మేలు చేశాననే అనుకుంటున్నాడు. నాకైతే ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

కొన్నాళ్ళకి, ఎండ మండిపోతున్న వేళ, అమ్మాజీ మళ్ళీ ల్యాబ్‌కొచ్చింది. గోళ్ళ నిండా మట్టి. చంకలో పాత చీరలో చుట్టిన మూట. విప్పితే ట్రిమ్మర్.

జరిగిందంతా విని పరిమళ ముఖం కందిపోయింది. "ఎంత అన్యాయం! నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను."

"మాట్లాడితే మట్టి పనీ పోద్దండి. వద్దు. రైతుగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. లేచేలోగా దీన్ని తీసుకెళ్ళి పెట్టేయాలి." గొంతు తగ్గించింది. "బతికించే మిషను చేశారు. చంపేది కూడా వచ్చా అండి?"

"చంపడమా?"

"ఏ ఛార్జర్ పెట్టినా ఒప్పుకోనట్టు చెయ్యండి. చస్తేనేగానీ మావేపు విసరరు. కుప్పలో పడగానే తెచ్చేసుకుంటాను. గట్టు అవతల నర్సరీలో, సొంత పనిముట్టు ఉంటే చెక్కే పని ఇస్తామన్నారు. అప్పుడు మళ్ళీ బతికించండి. ఈసారి ఆయనకి చెప్పకండి."

అది దొంగతనమని పరిమళకి తెలుసు. ఆ మాట అనబోయి, అమ్మాజీ వాచిన బొటనవేలు చూసి ఆగిపోయారు.

లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టారు. తర్వాత యంత్రం దగ్గర కూర్చుని, బ్యాటరీకి అబద్ధం ఎలా నేర్పాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు.