నీళ్ళడిగే బండ

ఆ ఆస్పత్రి ఏ ఊర్లోదో చెప్పను. చెప్తే, రేపు మీకు ఆడికి పోవాల్సొచ్చినప్పుడు నన్ను తిట్టుకుంటారు.

పాత వార్డు ఎనకాల తాగే నీళ్ళ సింటెక్సు ట్యాంకు ఉండాది. ఆడికి పోయే దోవలో, గోడవారన, ఒక బండ. పొద్దు గూకినాక ఆ బండ ముందర నీళ్ళు పట్టుకోని నడవగూడదంటారు. నడిచినోళ్ళు ఖాళీ సీసాతోనే తిరిగొస్తారంట. దాహంతో చచ్చిన అవ్వ ఒకతె ఆడ కూసోనుంటాదని చెప్పుకుంటారు. ఊరంతా ఎండి పెంకైనా, ఆ బండ చుట్టూ గరిక మాత్రం పచ్చగుంటాది. ఎవురూ ఒక్క చెంబు పొయ్యరు... అయినా పచ్చగానే.

నవ్వొద్దప్పా. కంబదూరు తట్టు కదిరమ్మ కూడా మొదట ఇట్లనే నవ్వినాది.

ఆమె పెనిమిటి ఓబులేష్‌కు పేగు మెలిక పడింది. మధ్యాన్నం కోసి, చెడిన కాడికి తీసేసి కుట్టినారు. డాక్టరు బయటికొచ్చి గట్టిగా చెప్పినాడు: "గ్యాసు పోయి, నేను సరే అనేదాకా నోట్లో చుక్క నీళ్ళు పొయ్యొద్దు. సెలైన్ ఎక్కుతాంది. ఒంటికి కావాల్సిన నీళ్ళు అదే ఇస్తాది."

కదిరమ్మ తల ఊపినాది. ఊపినాదే గానీ, మాట మనసుకెక్కలేదు. నరంలోకి పోయే నీళ్ళు గొంతెట్ల తడుపుతాయి?

రాత్రి ఓబులేష్ కండ్లు తెరిచినాడు. పెదాలు ఎండి, చీలి...

"మేయ్ కదిరీ... రవ్వన్ని నీళ్ళు పొయ్యే..."

నర్సు కృపాకుమారి తడి దూది పెదాలకద్ది, "అంతే అక్కా. ఇంగ అడిగినా ఇయ్యొద్దు" అని చెప్పి పక్క వార్డుకు పోయినాది.

"నీ కాళ్ళు పట్టుకుంటానే... ఒక్క గుక్క..."

కదిరమ్మ గుండె తరుక్కుపోయింది. చచ్చేటోనికైనా నోట్లో నీళ్ళు పోస్తారే, బతికుండే మొగునికి పొయ్యకుంటే నేనేం పెండ్లాన్నప్పా అనుకున్నాది. సీసా కొంగు కింద దాపెట్టుకోని సింటెక్సు కాడికి పోయినాది. బండ మీద ఎవురూ లేరు. సీసా నింపుకోని తిరిగినాది.

"అమ్మీ..."

కాళ్ళు ఆడనే నిలబడిపోయినాయి.

బండ మీద ముసలామె. తల వంచుకోనుండాది. దోసిలి మాత్రం ముందుకు చాపింది.

"రవ్వన్ని నీళ్ళు పొయ్యి అమ్మీ..."

పరిగెత్తల్ల అనుకున్నాది. కానీ కదిరమ్మ ట్యాంకర్ కోసం బిందెలు వరసబెట్టి పెరిగిన మనిషి. నీళ్ళడిగితే పగోనికైనా లేదనగూడదని వాళ్ళమ్మ చెప్పిన మాట. దెయ్యమైనా... అడిగింది నీళ్ళే కదా!

ఆ దోసిట్లోకి వంచినాది. సీసా అంతా అయిపోయింది. గుటక చప్పుడు మాత్రం వినపడలేదు.

మళ్ళా పోయి నింపుకున్నాది. ఈసారి కొంగు కింద గట్టిగా అదుముకోని, తల తిప్పకుండా నడిచినాది. వాళ్ళ ఇంటి దేవుడు కదిరి నరసింహస్వామిని తలుచుకుంటా... బండ దాటేసినాది...

"కొంగు కింద ఉండాది కదమ్మీ..."

గొంతు చెవి పక్కనే! కదిరమ్మ గిరుక్కున ఎనక్కి తిరిగినాది. సీసా బండ మీద కుమ్మరిచ్చి, చెప్పులు ఆడనే ఇడిసి, వార్డులోకి ఒకటే పరుగు.

ఓబులేష్ ఉలకడు, పలకడు. నోరు తెరుచుకోనుండాది. "అయ్యో నా పాపిష్టి దాన్ని, నీళ్ళియ్యక సంపుకున్నానే!" అని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసినాది. ఊపిరి ఆడతాంది. ఆ చెయ్యి అట్లనే పెట్టుకోని ఏడుస్తా కూసున్నాది.

తెల్లారుజామున ఆయప్పకు ఉన్నట్టుండి వాంతి. పచ్చగా, ఒక దోసెడు. కృపాకుమారి ఉరికొచ్చి పక్కకు దొర్లిచ్చి, నోరు తుడిసి, కదిరమ్మ తట్టు కోపంగా చూసినాది.

"నీళ్ళు తాపినావా? నిజం చెప్పు."

"లేదు సిస్టరమ్మా... తాపల్లనే పోయినా. కానీ బండ కాడ..."

జరిగిందంతా చెప్పినాది. నర్సు మొగం పాలిపోయింది.

"బతికిచ్చుకున్నావు అక్కా. మత్తు ఇంగా పూర్తిగా దిగలేదు. కడుపునిండా నీళ్ళుండి కక్కుకోని ఉంటే, ఊపిరితిత్తుల్లోకి పోయిండేది." మెల్లగా చెప్పినాది. "నీకు కనపడిన ఆయమ్మ ఒక్కగానొక్క కొడుక్కి ఇదే ఆపరేషన్. అందురూ నిద్రపోయినాక చెంబుడు నీళ్ళు తాపిందంట. తెల్లారేసరికి పిల్లోడు లేడు. ఆయమ్మ ఆ బండ మీద కూసున్నది, మళ్ళా లెయ్యనేలేదు."

తెల్లారినాక కదిరమ్మ చెప్పుల కోసం పోయినాది. నేలంతా ఎండి బీటలు. బండ చుట్టూ గరిక ఒకటే తడి. తాను పోసిన నీళ్ళన్నీ ఆ గరికలోనే ఉండాయి. అవ్వ ఒక్క చుక్క తాగలేదు.

గ్యాసు పోయిన రోజు సాయంత్రం డాక్టరు నవ్వి, "ఇంగ నీళ్ళు తాపొచ్చు" అన్నాడు. కదిరమ్మ సంబరంగా ఉరికి, సీసా నింపుకోని తిరిగేసరికి పొద్దు గూకింది.

"అమ్మీ..."

 కదిరమ్మ ఈసారి పరిగెత్తలేదు.

"అవ్వా... డాక్టరే తాపమన్నాడు. నా పెనిమిటి మీద ఒట్టు."

 చాపిన దోసిలి మెల్లగా ఎనక్కి పోయింది.

"అయితే పో అమ్మీ..." గొంతు ఏడుస్తాన్నట్టుండాది. "ఒకేసారి పొయ్యొద్దు. స్పూనుతో... రవ్వంత రవ్వంత తాపు."